చిట్టా వేరు, చీటీ వేరు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో మావారు, ఇద్దరు పిల్లలు, మాతోపాటే మా నాన్న. రోజూ పొద్దున్నే ఆ రోజు చేయాల్సిన పనులన్నీ ఫోన్‌లో రాసుకుంటాను. రాత్రి చూసుకుంటే ఐదో ఆరో అయి ఉంటాయి. మిగిలినవి మర్నాటికి జరుపుతాను, అవి మళ్లీ ఆ మర్నాటికి. ఇప్పటికి మూడు యాప్‌లు మార్చాను, ఒక మంచి డైరీ కూడా కొన్నాను. ఏదీ నిలవలేదు. పడుకున్నాక మర్చిపోయినవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తాయి, నిద్ర పట్టదు. మా నాన్న ఎడమ కన్ను మసకగా ఉంటోందని రెండు వారాలుగా అంటున్నారు, అది కూడా లిస్టులోనే ఉండిపోయింది. నాది బద్ధకమా, పద్ధతి తెలియకపోవడమా? మొన్న మంగళవారం రాసుకున్న లిస్టును దీంతోపాటు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు

సమాధానం:

నమస్తే అండీ,

మీ లిస్టు రెండుసార్లు చదివాను. మొత్తం 17 లైన్లు, కొట్టేసినవి 5. బద్ధకం ఉన్న మనిషి రాసే లిస్టు కాదది. బద్ధకస్తులు ఇన్ని రాసుకోరు, రాత్రి కూర్చుని ఎన్ని అయ్యాయో లెక్క చూసుకోరు, మిగిలినవాటి కోసం నిద్ర పాడుచేసుకోరు. ఆ మాట ఇక మీ గురించి మీరు అనుకోకండి.

తొమ్మిదో లైను దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అక్కడ ఒక్కటే మాట ఉంది: 'నాన్న'.

మంగళవారం సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చి ఆ లైను చూసినప్పుడు మీకు ఏం చేయాలనిపించి ఉంటుంది? ఏమీ తోచి ఉండదు. ఎందుకంటే 'నాన్న' అనేది పని కాదు, బెంగ. బెంగను లిస్టులో రాస్తే రోజూ కనిపిస్తుంది, రోజూ గుచ్చుతుంది, చేతికి మాత్రం దొరకదు. అక్కడ ఉండాల్సిన లైను ఇది: 'కంటి డాక్టరు అపాయింట్‌మెంటుకు ఫోన్ చేయాలి, మధ్యాహ్నం భోజనం అవగానే.' ఆ ఫోన్‌కు ఐదు నిమిషాలు పడుతుందేమో. రెండు వారాలుగా మీ మనసులో మోస్తున్నది ఆ ఐదు నిమిషాల పనినే.

ఇప్పుడు మీరు కొట్టేసిన ఐదు లైన్లూ మళ్లీ చూడండి. 'కరెంటు బిల్లు కట్టాలి.' 'పాప ఫారం మీద సంతకం పెట్టి బ్యాగులో పెట్టాలి.' 'మేనేజర్‌కు సెలవు మెయిల్ పంపాలి.' 'గ్యాస్ బుక్ చేయాలి.' 'చెప్పులు రిపేరుకు ఇవ్వాలి.' ఐదింటిలోనూ చివర ఒక క్రియ ఉంది. కట్టాలి, పంపాలి, ఇవ్వాలి. చూడగానే చెయ్యి ఎటు కదలాలో తెలుస్తోంది. మిగిలిపోయినవాటిలో ఎక్కువ వేటికీ క్రియ లేదు: 'ఇన్సూరెన్స్', 'బాబు ప్రాజెక్టు', 'ఇల్లు', 'బ్యాంకు విషయం', 'ప్రెజెంటేషన్', 'నాన్న'. మీరు చేయగలిగినవి చేసేశారు. మిగిలినవి పనుల రూపంలో లేవు గనకే మిగిలిపోయాయి.

నాకూ ఇలాంటి లైను ఒకటి ఉండేది. 'బాత్రూమ్ లీకేజీ' అని రాసుకుని వారాల తరబడి పేజీ నుంచి పేజీకి మోశాను. ఒకరోజు విసుగొచ్చి, అసలు ఇది ఎందుకు కదలడం లేదని కాగితం ముందు పెట్టుకుని ఆలోచించాను. ప్లంబర్‌ను పిలవాలి, కానీ నా దగ్గర నంబరు లేదు. నంబరు పక్కింటివాళ్ల దగ్గర ఉంది. వాళ్లను అడగాలి. అంతే. లైనును 'పక్కింటావిడను ప్లంబర్ నంబరు అడగాలి' అని మార్చి రాశాను. అది ఆ సాయంత్రమే అయిపోయింది, నాలుగో రోజుకు లీకేజీ ఆగింది. ఆ కాగితం చాన్నాళ్లు దాచుకున్నాను.

అందుకే మొట్టమొదట మార్చుకోవాల్సింది యాప్ కాదు, వాక్యం. ఏ లైను రాసినా 'దీనికోసం నేను లేచి మొదట ఏం చేస్తాను?' అని అడిగి, ఆ జవాబునే రాయండి. 'ఇన్సూరెన్స్' అంటే ఏమిటి? పాత పాలసీ కాగితం బీరువాలోంచి తీసి గడువు తేదీ చూడటమా? అయితే అదే రాయండి. 'ఇల్లు' అంటే హాల్లో టీవీ కింద అర ఖాళీ చేయడమా? అదే రాయండి. ఇల్లు మొత్తం ఏ రోజూ సర్దడం అవదు, ఒక అర మాత్రం అవుతుంది.

ఇక రెండో విషయం, ఇది లెక్క. మీ 17 పనులకు ఒక్కోదానికి 20 నిమిషాలే వేసుకున్నా 340 నిమిషాలు, అంటే 5 గంటల 40 నిమిషాలు. ఉద్యోగం, రానూపోనూ ప్రయాణం, వంట, పిల్లల చదువు, నాన్నగారి మందులు పోను మీకు రోజుకు మిగిలేది ఎంత? గంటన్నర నుంచి రెండు గంటలు ఉంటుందని నా అంచనా. రెండు గంటల సంచిలో ఐదున్నర గంటల సామాను కుక్కుతున్నారు. పట్టకపోతే సంచిని కదా చూడాలి, మీరు మిమ్మల్ని తిట్టుకుంటున్నారు.

ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. ఒక పనికి ఎంతసేపు పడుతుందో మనిషి ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తాడని డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. 1994లో రోజర్ బ్యూలర్ మరో ఇద్దరితో కలిసి, థీసిస్ రాస్తున్న విద్యార్థులను అది ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగాడు. సగటున 34 రోజులన్నారు. పట్టింది దాదాపు 55 రోజులు. నన్ను ఆశ్చర్యపరిచింది మరో అంకె. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులు పడుతుందని కూడా వాళ్లను అడిగారు. దానికి వాళ్లు చెప్పింది సగటున 49 రోజులకు కాస్త తక్కువే. అంటే, అన్నీ చెడిపోతాయని ఊహించుకుని వేసిన లెక్క కూడా చాల్లేదు. పొద్దున్నే ఉత్సాహంగా లిస్టు రాసేటప్పుడు మనందరం ఆ విద్యార్థులమే. అందుకే మీకు తోచిన సమయానికి సగం కలిపి వేసుకోండి. 20 నిమిషాలు అనిపిస్తే 30 రాయండి.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. మీ దగ్గర ఉండాల్సినవి రెండు: ఒక చిట్టా, ఒక చీటీ. మీరు ఇన్నాళ్లూ ఈ రెంటినీ కలిపి ఒకటే నడుపుతున్నారు, చిక్కంతా అక్కడే ఉంది.

చిట్టా అంటే మీ నెత్తిన ఉన్న పనులన్నీ ఉండే చోటు. ఈ నెలవి, వచ్చే ఏడాదివి, ఎప్పుడో ఒకప్పుడు చేయాలనుకునేవి, అన్నీ. ఎంత పొడుగైనా ఫరవాలేదు, 60 ఉండనీండి, 100 ఉండనీండి. దాన్ని పూర్తిచేయాలని ఎవరూ అనరు, మీరూ అనుకోవద్దు. బుర్రలోంచి దించి పెట్టుకునే అటక అది. ఒకే చోట ఉండాలి, అదొక్కటే షరతు. కొంత ఫోన్‌లో, కొంత డైరీలో, కొంత ఫ్రిజ్ మీద కాగితంలో ఉంటే ఏదో ఒకటి జారిపోయిందన్న అనుమానం పోదు, ఆ అనుమానమే రాత్రి మిమ్మల్ని లేపేది. మీ ఫోన్‌లో ఇప్పుడున్న యాప్‌నే చిట్టాగా ఉంచేసుకోండి. మరో యాప్ వెతకొద్దు.

చీటీ అంటే రేపటి కాగితం. అరచేతిలో పట్టేంత కాగితం. దాని మీద మూడు పనులు, అవి తప్పకుండా అవ్వాల్సినవి. వాటి కింద, ఖాళీ దొరికితే చేసుకునే చిన్నవి మరో రెండో మూడో. ఆ కింద ఒక గీత.

ఆ గీత గురించి కాస్త చెప్పాలి. రోజు మొదలయ్యాక కొత్త పనులు వస్తూనే ఉంటాయి. ఆఫీసులో ఎవరో ఏదో అడుగుతారు, స్కూలు నుంచి మెసేజ్ వస్తుంది. అవి గీతకు కిందనే రాయాలి, పైన కాదు. అప్పుడు పైన ఉన్న మూడూ మీరు ఎంచుకున్నవి, కింద ఉన్నవి మీ మీదకు వచ్చిపడ్డవి అని కళ్లకు కనిపిస్తుంది. సాయంత్రం పైవాటిలో ఒకటే అయి కిందవి నాలుగు అయ్యాయనుకోండి, రోజు ఎటు పోయిందో తెలుస్తుంది. ఇప్పుడు మీకు తెలిసేది 'అవలేదు' అన్న ఒక్క ముక్కే. వచ్చిపడ్డవాటిలో ఆ రోజే తెమలాల్సినవి నిజంగా కొన్నే ఉంటాయి. మిగతావి రాత్రి చిట్టాలోకి ఎక్కించేయండి.

మూడే ఎందుకని మీరు అడగొచ్చు. 1918 ప్రాంతంలో అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ కంపెనీ అధినేత చార్లెస్ ష్వాబ్‌కు ఐవీ లీ అనే సలహాదారు ఒక సలహా ఇచ్చాడని చెబుతుంటారు: ప్రతి సాయంత్రం మర్నాటికి ఆరు పనులు ముఖ్యమైన వరసలో రాయండి, పొద్దున్న మొదటిదానితో మొదలుపెట్టి అది అయ్యేదాకా రెండోదాని జోలికి పోకండి, మిగిలినవి మర్నాటి ఆరులో కలపండి అని. పద్ధతి మంచిదే. ఆ వరస, రాత్రే రాసుకోవడం, రెండూ నేనూ పాటిస్తాను. కానీ రోజంతా తన చేతిలో ఉన్న పెద్ద అధికారికి ఆరు సరిపోతాయేమో. మీ రోజులో మీ చేతిలో ఉన్నది రెండు గంటలు. దానికి మూడు చాలు. మూడూ అయిపోయి సమయం మిగిలితే చిట్టాలోంచి నాలుగోది తెచ్చుకోండి, ఎవరూ వద్దనరు.

వేళ ఖరారైనవి చీటీలో వద్దు. 4 గంటలకు మీటింగు, శనివారం పేరెంట్స్ మీటింగు, ఇవి క్యాలెండర్‌కు చెందుతాయి. వాటికి అలారం పెట్టి వదిలేయండి. వంట, మందులు, పిల్లల్ని తయారుచేయడం లాంటి రోజువారీ పనులూ చీటీలో రాయొద్దు, కానీ మీకు మిగిలే సమయం లెక్క వేసేటప్పుడు వాటిని తప్పకుండా తీసేయండి. మీరు రోజూ ఎంత చేస్తున్నారో మీ లిస్టులో ఎక్కడా కనిపించదు. నాకు అన్నిటికంటే బాధనిపించింది అదే. ఇంటిని నడపడం పనిగా లెక్కలోకి రాలేదు, ఇన్సూరెన్స్ కాగితం అవకపోవడం మాత్రం తప్పుగా లెక్కలోకి వచ్చింది.

చీటీ రాయాల్సింది పొద్దున్న కాదు, ముందు రోజు రాత్రి. మీ నిద్ర సంగతి కూడా ఇక్కడే తేలుతుంది.

సగంలో ఆగిన పని మనసులో ఎందుకు తిరుగుతుందో 1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే ఆమె పరిశీలించింది. కొందరికి చిన్న చిన్న పనులు ఇచ్చి కొన్నింటిని మధ్యలో ఆపించింది. తర్వాత అడిగితే పూర్తిచేసినవాటి కన్నా ఆగిపోయినవే వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయి. ఆ తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో అన్నిసార్లూ అదే ఫలితం రాలేదు, అయినా పడుకున్నాక ఆగిన పనులు తలుపు తట్టడం మీకూ నాకూ అనుభవమే. ఊరటనిచ్చే సంగతి 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు చూపించారు. ఆ పని అప్పుడే పూర్తి కానక్కర్లేదు, దాన్ని ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా అనుకుంటే చాలు, మనసు దాన్ని తవ్వడం చాలావరకు మానేస్తుందట. 2018లో బేలర్ యూనివర్సిటీలో మైకేల్ స్కలిన్ బృందం 57 మంది యువతీయువకులను పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయమంది. సగం మంది అప్పటికే చేసేసిన పనులు రాశారు, సగం మంది రాబోయే రోజుల్లో చేయాల్సినవి రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లకు దాదాపు 9 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. వాళ్లలోనూ వివరంగా రాసినవాళ్లకు ఇంకా త్వరగా పట్టింది. 9 నిమిషాలు గొప్ప విషయం కాదనిపించవచ్చు. కానీ చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకున్న మనిషికి అవెంత పొడుగో మీకు తెలుసు.

కాబట్టి పడుకునే ముందు ఐదు నిమిషాలు. ముందు బుర్రలో తిరుగుతున్నవన్నీ చిట్టాలోకి దించేయండి. తర్వాత చిట్టా చూసి రేపటికి మూడు ఏరుకోండి. ఒక్కోదాని పక్కన ఎప్పుడో రాయండి: 'పిల్లలు బస్సు ఎక్కగానే', 'లంచ్ అవగానే', 'రాత్రి గిన్నెలు తోమాక'. గంట కొట్టే వేళల కన్నా ఇలా ఒకదాని వెనక ఒకటి కట్టడమే ఇంట్లో బాగా పనిచేస్తుంది. 7:30 జరిగిపోవచ్చు, పిల్లలు బస్సు ఎక్కడం మాత్రం రోజూ జరుగుతుంది. చీటీ దిండు పక్కనే పెట్టుకోండి. మధ్యలో ఏదైనా గుర్తొస్తే దాని వెనక రాసి లైటు ఆర్పేయండి, ఫోన్ మాత్రం తీయకండి.

మర్నాటికి జరపడం గురించి. ఒక పని ఒకసారి జరగడం మామూలే. రెండోసారి జరిగితే పక్కన ఒక చుక్క పెట్టండి. మూడోసారి జరపబోతుంటే అలాగే ఎక్కించకండి, కాసేపు ఆగి దాన్ని చూడండి. వాక్యం తప్పుగా ఉందా? నా లీకేజీ లాగా ముందు చేయాల్సిన చిన్న పని ఇంకేదైనా ఉందా? లేక అసలు మీకు చేయాలని లేదా? మీ లిస్టులో 'ఇంగ్లీష్ మెరుగుపరుచుకోవాలి' అని ఉంది. అది ఎన్ని నెలలుగా ఉందో మీకే తెలియాలి. ఈ ఏడాది మీ వల్ల కాకపోతే గౌరవంగా కొట్టేయండి. నిజంగా కావాలంటే అది మళ్లీ తనే వస్తుంది. కొట్టేయడం ఓటమి అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో చేయని పనిని చేస్తానంటూ రోజూ రాసుకోవడమే మనిషిని ఎక్కువ నలిపేస్తుంది.

ఒక సంగతి కాస్త చనువు తీసుకుని చెబుతాను. 17 లైన్లలో మీ సొంతానివి నాకు నాలుగే కనిపించాయి. మిగతావన్నీ ఇంటివి, పిల్లలవి, నాన్నగారివి, మీవారి బ్యాంకు విషయంతో సహా. ఎంత మంచి పద్ధతైనా నలుగురి పనిని ఒక మనిషి రోజులో పట్టించలేదు. ఆదివారం ఒక అరగంట మీవారితో కూర్చుని చిట్టా ఇద్దరూ కలిసి చూడండి. 'కాస్త సాయం చేయండి' అని అడగకండి. అలా అడిగితే గుర్తుపెట్టుకోవడం, గుర్తుచేయడం మళ్లీ మీ పనే అవుతుంది. ఒక పనిని మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పండి. ఇన్సూరెన్స్ అంటే గడువు తెలుసుకోవడం, పోల్చి చూడటం, డబ్బు కట్టడం, కాగితం ఫైల్లో పెట్టడం అన్నీ ఆయనవే. మీ చిట్టాలోంచి ఆ లైను పూర్తిగా పోవాలి. ఆయన మీలాగా చేయకపోవచ్చు, రెండు రోజులు ఆలస్యం కావచ్చు. మధ్యలో అడగకుండా ఉండటం మొదట్లో కష్టంగానే ఉంటుంది. బాబు ప్రాజెక్టూ అంతే. వాడి వయసెంతో మీరు రాయలేదు, కానీ ప్రాజెక్టు ఇచ్చారంటే వాడి చీటీ వాడు రాసుకోగల వయసే. మొదటి వారం పక్కన కూర్చోండి చాలు.

ఆదివారం అరగంటలో ఇంకో పని కూడా అయిపోతుంది. చిట్టా పైనుంచి కిందిదాకా చదివి, అయిపోయినవి, అక్కర్లేనివి తీసేయండి. వారానికి ఒక్కసారి చాలు. రోజూ పూర్తి చిట్టా చూడకండి. 60 పనులను రోజూ చూసే మనిషికి చేసిన మూడు పనులు ఎప్పటికీ కనిపించవు.

కాగితమా ఫోనా అన్నది మీ ఇష్టం. చీటీకి మాత్రం నేను కాగితమే అంటాను. చీటీ చూద్దామని ఫోన్ తీసి మెసేజ్‌ల్లో పడి, ఇరవై నిమిషాల తర్వాత ఎందుకు తీశామో మర్చిపోవడం అందరికీ జరిగేదే.

పిల్లలకు జ్వరం వచ్చిన రోజు, ఆఫీసులో ఆలస్యమైన రోజు చీటీలో ఒక్కటీ అవదు. అలాంటి రోజున చీటీ చింపేసి పడుకోండి. పనులు చిట్టాలో ఉన్నాయి కదా, ఎక్కడికీ పోవు. మర్నాడు కొత్త కాగితం మీద మళ్లీ మూడే రాయండి. నిన్నటివి కలిపి ఆరు రాయకండి. ఈ ఒక్కచోట గట్టిగా ఉండండి. పాత అలవాటు మళ్లీ మొదలయ్యేది ఇలాంటి రోజు మర్నాడే.

మొదటి చీటీలో మొదటి పని నేనే చెబుతాను. ఈ రాత్రి నాన్నగారి దగ్గర కూర్చుని అడగండి: మసక మెల్లమెల్లగా వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా? కళ్ల ముందు మెరుపులు గానీ, ఒక పక్క నుంచి తెర దిగినట్టు గానీ ఉంటోందా? ఒక్కసారిగా వచ్చిందన్నా, మెరుపులో తెరో ఉందన్నా చీటీ రాయాల్సిన అవసరమే లేదు, అపాయింట్‌మెంటు కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మెల్లగా వచ్చిందంటే రేపు మధ్యాహ్నం భోజనం అవగానే ఫోన్ చేయండి. డాక్టరుగారు ఏమన్నారో నాకు రెండు ముక్కలు రాయండి. నాన్నగారి కబురు కోసం ఎదురుచూస్తుంటాను.